తట్టి చూసి

డేనియల్ గారు మూడు దించారు గూట్లోంచి,
వన్ టౌన్‌లో, మిట్టమధ్యాహ్నం, ఫ్యాను తిరగని కొట్టు.
నాకు రాగాలు తెలీవు.
ముప్ఫయ్యేళ్లు షిప్‌యార్డులో
రేకు మీద సుత్తి వేసి
లోపలి పగులు విన్నవాణ్ణి.
ఆ చెవే తెచ్చుకున్నాను.

వేలి కణుపుతో వీపు మీద తట్టాను.
మొదటిది తడిసిన అట్టపెట్టె.
రెండోది బాగా పలికింది,
ధర కూడా.
మూడోదానికి అంచున జిగురు వదిలి
వెంట్రుకంత సందు.
"ఉప్పుగాలి బాబూ, చెక్కని ఉండనిస్తదేటి"
అంటూ జారే బిరడాకి సుద్ద రాసి
కమాను లాగారు.

లావు తీగ
హార్బరు దాటే టగ్గులా
నా పక్కటెముకల్లోంచి పోయింది.
సన్న తీగ సగమే అందింది.
మిగతా సగం ఆ సుత్తులే తినేశాయి ఎప్పుడో.
టీ తెచ్చిన కుర్రాడు
గ్లాసు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయాడు.
వాడి మొహం చూసి లెక్క కట్టుకున్నాను.

జిగురు పెట్టిస్తానన్నారు. వద్దన్నాను,
అతుకు పని నాది.
గ్రాట్యుటీలోంచి ఆరు వేలు,
రెండుసార్లు ఎంచి ఇచ్చాను.

గాజువాక బస్సులో
పెట్టె ఒళ్లో పెట్టుకుంటే
కండక్టరు అడిగాడు, "మనవరాలికా?"
చిల్లర సరిపోయిందో లేదో
చూసుకుంటున్నట్టు నటించాను.