కదలొద్దు

పోర్టు బొగ్గుపొడి రాత్రంతా మందారాకుల మీద కూచుంటుంది.
నైట్ డ్యూటీ దిగి జ్ఞానాపురం చేరేసరికి
ఎవరో నా పెరటికి కాటుక పెట్టి పోయినట్టుంటుంది.
తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడుస్తాను.
మొహం తుడిస్తే గునిసే పిల్లల్లా
అటూ ఇటూ తప్పించుకుంటాయి.

అలా తుడుస్తున్నప్పుడే దొరికింది
రెండాకుల్ని కలిపిన కుట్టు.
పదకొండు కుట్లు, లెక్కపెట్టాను.
దారం ఎక్కడిదో కాదు,
తీగమీద ఆరేసిన నా తెల్లకోటు జేబు అంచుది.
దర్జీపిట్ట కూలి అడగలేదు,
దారం లాగేటప్పుడు నన్నూ అడగలేదు.

కెమెరా పాతది.
పూర్ణామార్కెట్ సందులో స్టూడియో మూసేస్తూ
దాలినాయుడు సగం ధరకిచ్చాడు.
"పెళ్లిళ్లు తీసిన కెమెరా అమ్మా,
నవ్వమని చెప్పకపోతే దానికి తోచదు" అన్నాడు.

ఈ పెరట్లో ఎవరూ నవ్వరు.
గోడమీది తొండ మెడ ఎర్రజేసుకుని
ఫాల్గుణమంతా ఒకే ఇటుకమీద దండీలు తీస్తుంది.
కరివేపాకు రెబ్బమీద పిట్టరెట్ట అనుకున్నది
దగ్గరికెళ్తే తీరిగ్గా ఆకు నములుతోంది.
చారులోకి రెబ్బ తుంపబోయిన ఫిలోమినమ్మ
"ఓలమ్మో, కదుల్తంది!" అని చెయ్యి లాక్కుని
ఆ పూట తాలింపు లేకుండానే కానిచ్చింది.
కోయిలది ఇప్పటికీ ఒక్క ఫొటో లేదు.
వేపకొమ్మల్లో ఎర్రటి కన్నొకటి,
మిగతా ఒళ్లంతా గొంతే.

ఆస్పత్రిలో రోజుకి వందసార్లు చెప్తాను:
"ఊపిరి బిగబట్టండి. కదలొద్దు.
ఆ... ఇంక వదలండి."
ఇక్కడ చెప్పినా వినేవాళ్లు లేరు.
బోర్లించిన బిందెమీద కూచుని
నా ఊపిరే నేను బిగబడతాను.
పిట్ట కదుల్తుంది, ఆకు కదుల్తుంది,
స్టేషన్లో గూడ్సు బయల్దేరితే బిందె కూడా కదుల్తుంది.
నలభై ఫొటోలు తీస్తే
ముప్పైతొమ్మిదింట్లో పిట్ట ఇప్పుడే వెళ్లిపోయింది.
నలభయ్యోదాంట్లో తోక.

మంగళవారం పొద్దున్న ఏడు దాటింది.
మునగపూల మీంచి ఎండ వాలుగా దిగుతోంది.
మందారం కొమ్మ ఒక్కసారి కిందికి వంగింది.
జెముడుకాకి.
ఇటుకరంగు రెక్కలు, నల్లగా బరువైన ముక్కు.
కెమెరా కంటికే ఉంది.
అరవొచ్చు. చప్పట్లు కొట్టొచ్చు.
కాలి చెప్పు విసరొచ్చు.
నా వేలు నొక్కింది.

ఆ ఫొటోలో ఏదీ చెదరలేదు.
తెగిన కుట్టు, కుట్టులో నా కోటు దారం,
ముక్కున ఇంకా కళ్లు తెరవని గులాబీరంగు,
వెనక కొమ్మమీద వేలెడంత తల్లి, నోరు తెరిచి.
ఇరవైరెండేళ్లుగా ఎముకలు తీస్తున్నాను,
ఇంత స్పష్టంగా ఎప్పుడూ రాలేదు.
విరిగిందని నాకే ముందు తెలుస్తుంది ప్రతిసారీ.
చెప్పడం డాక్టరుగారి పని.
"బానే ఉందా మేడమ్?" అని మొహంలోకి చూస్తారు,
నేను తర్వాతి నంబరు పిలుస్తాను.

ఫిలోమినమ్మ గోడ అవతల్నించి అడిగింది:
"ఏటయింది? పిట్టలలా గోల పెట్టినాయి?"
చూపించలేదు. చెరపనూ లేదు.
జెముడుకాక్కీ పిల్లలుంటాయి కదా
అనుకున్నాను. నిజమే అది.
నిజమైనంత మాత్రాన వేలు తేలికపడలేదు.

ఉగాది పచ్చడికి వేపపువ్వు దులుపుతుంటే
వంగమొక్క దగ్గర మళ్లీ టివ్ టివ్ మని.
ఈసారి ఒకటే ఆకు, బాగా అడుగున, ముళ్ల మధ్య.
అప్పటికి మూడు కుట్లయ్యాయి.
కెమెరా బీరువాలో ఉంది, చీరల మడతల్లో.
జేబు అంచు గోటితో ఇంకాస్త వదులు చేసి
కోటు తీగమీద వేశాను.
బిందె బోర్లించి కూచున్నాను,
ఒళ్లో ఒక చెప్పు పెట్టుకుని.