చందా పుస్తకం

అమ్మ పెట్టెలో దొరికింది,
రెండు గంజిచీరల మధ్య:
నూనె మరకల పచ్చట్ట పుస్తకం.
నెలకి రెండు రూపాయలు, తర్వాత ఐదు, తర్వాత ఇరవై,
పెద్దగుడి ముద్ర, గుమాస్తా పొట్టి సంతకం.
నలభై ఒక్క ఏళ్లు.
కరోనా నెలల్లో కూడా ఖాళీ లేదు.

నాకు తెలిసి అమ్మ ఆ గుడి మెట్లెక్కింది
నా పెళ్లినాడు,
ఒకటి రెండు క్రిస్మస్ రాత్రులు.
మా ఆదివారాలన్నీ సంగడిగుంటలో రేకుల షెడ్డులోనే.
ఒక పక్క మిరపకాయల గోదాము గోడ,
ఇంకో పక్క గెర్షోము గారి గేదె.
ఘాటెక్కువైన రోజు ప్రార్థన సగం, దగ్గు సగం.
"దేవుడు రెండూ వింటాడు" అనేవారు పాస్టరు గారు,
ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని.

ఇరవై మూడు మందిమి.
ఎవరు రాలేదో చాప చెబుతుంది.
ఎవరు తినకుండా వచ్చారో
వాళ్ల కడుపే చెబుతుంది పక్కవాళ్లకి.
అదంతా వరమనుకునేరు.
మా ఆయన వెళ్లిపోయిన వారం
నా పేరు మీద ఏడు ప్రార్థనలు జరిగాయి,
ఏడూ కొంచెం గట్టిగానే.
మర్నాడు యార్డులో తొడిమలు తీసే చోట కూడా
ఎవరో ఆమెన్ అన్నారు.

అప్పుడే పారిపోయాను,
హైవే పక్కన కొత్త మందిరానికి.
ఏసీ చలి, గోడంత తెర,
పార్కింగులో ఈలలేసే కుర్రాళ్లు,
ఆరువేల కుర్చీలు, ఒక్కటీ నన్నెరగదు.
మూడు నెలలు కడుపారా ఏడ్చానక్కడ.
పక్కనామె తన చేతిరుమాలు ఇచ్చింది,
పేరు అడగలేదు.
ఆమెకి నేనింకా రుణపడే ఉన్నాను.

అమ్మ ఏమీ అనలేదు.
"నీ చాప మడిచిపెట్టా, వచ్చినప్పుడు పరుచుకో" అంది, అంతే.

మా షెడ్డుకి గంట లేదు.
పదింపావుకి పెద్దగుడి గంట మోగితే
పాస్టరు గారి గొంతు మునిగిపోయేది.
వాక్యం మీద వేలు పెట్టి ఆగేవారు:
"పెద్దక్క మాట్లాడుతోంది, ఆగుదాం."
గంట ఊరుకున్నాక పుస్తకంలోకి చూసి
"ఎక్కడ ఆపాను?"
అమ్మ అందించేది, ఆఖరి మాట.
చదువు రాదు ఆమెకి.
ఒక్కనాడూ తప్పు అందించలేదు.

చందా కోసం ఒకసారి పోట్లాడాను:
మనం వెళ్లని గుడికి మన డబ్బెందుకే?
గోట్లో ఇరుక్కున్న మిరపగింజ పీక్కుంటూ అంది,
"కూర్చోడానికి కాదే, పడుకోడానికి."

మొన్న బుధవారం అర్థమైంది.
షెడ్డుకి సమాధుల దొడ్డి లేదు.
హైవే మందిరానికీ లేదు, అన్ని కుర్చీలున్నా.
పాస్టరు గారు సైకిలు మీద వెళ్లి
పచ్చట్ట పుస్తకం ఆఫీసు బల్ల మీద పెట్టారు.
గుమాస్తా నిదానంగా పేజీలు తిప్పాడు,
బాకీ కోసం వెతుకుతూ.
చివరికి కళ్లద్దాలు తీసి,
"తబితమ్మ గారంటే ఎవరండీ?"
ఆ సంతకాల్లో సగం అతనివే.

మట్టి వాళ్లిచ్చారు.
మోసింది మావాళ్లు,
యార్డు హమాలీలు భుజం మార్చుకునే పద్ధతిలో,
అమ్మకి కుదుపు తెలియకుండా.
గంట డెబ్బై నాలుగు దెబ్బలు కొట్టారు,
ఏడాదికొకటి.
తొడిమలు తీసిన మనిషి వయసు
ఊరందరికీ వినిపించేలా చెప్పడం
ఆ గంటకే చేతనవుతుంది.
మా షెడ్డు వల్ల కాదు ఆ పని.

ఇక ఎవరి పేర రాయమంటారని అడిగాడు గుమాస్తా.
నా పేరు చెప్పి ఇరవై ఇచ్చాను.

ఆదివారం చాప పరుచుకున్నాను.
అమ్మ చోట ఎవరూ కూర్చోలేదు,
కూర్చోవద్దని ఎవరూ చెప్పలేదు.
పదింపావుకి గంట.
పాస్టరు గారు వేలు పెట్టి ఆగారు.
పెద్దక్క చెప్పాల్సింది చెప్పి ఊరుకుంది.
ఆయన తలెత్తకుండా, అలవాటుగా,
"ఎక్కడ ఆపాను?"

ఎక్కడ ఆపారో అందరికీ తెలుసు.
ఇరవై రెండు మందిమి,
ఒక్కరం అందించలేదు.
గోడ అవతల గేదె
తాడు లాక్కుంటున్న చప్పుడు.