గ్లాసు గీసిన వంపు

పగలంతా నేను పళ్లకు వయసు పోస్తాను.
నక్కలగుట్టలో మూడో అంతస్తు, లిఫ్టు లేని ల్యాబు.
డాక్టర్లు పంపిన అచ్చు మీద
పింగాణీ పన్నొకటి నిలబెట్టి
మొదట్లో కాస్త పసుపు,
అంచున పొగరంగు నీడ,
నడుమ వెంట్రుకంత పగులు.
మరీ తెల్లగా ఉంటే పన్ను అబద్ధమాడుతుంది.

రాత్రి అదే బల్ల, అదే దీపం,
అదే మూడు సున్నాల కుంచె.
ముందు మాత్రం జానెడు ట్యాంకు.
ముప్పై అయిదింట ఒక వంతు, అని డబ్బా మీద ఉంది.
ఆ లెక్కన నేను బొటనవేలంత మనిషిని.

నల్లటి ప్రైమరు. దాని మీద ఆకుపచ్చ.
దాని మీద జుట్టుకు కొట్టే స్ప్రే ఒక పొర,
ఆపైన ఇసుక రంగు.
ఆరాక తడి కుంచెతో రుద్దితే
పై రంగు పొక్కులుగా లేచి
కింద దాగిన ఏళ్లు బయటపడతాయి.

తుప్పు నాకు కొత్త కాదు.
కాజీపేట షెడ్డు వెనక పెరిగాను.
అమ్మ బట్టలారేసే తీగ మీద,
బడిదారిలో ఏళ్లుగా పడుకున్న వ్యాగన్ల కడుపు కింద
వాన కార్చిన తుప్పు వేరు,
చేతులు తాకి నున్నబడ్డ తుప్పు వేరు.

అందుకే ధైర్యంగా పెట్టాను:
చక్రాలకు మా పెరటి ఎర్రమట్టి, జల్లెడ పట్టి.
సైలెన్సర్ దగ్గర, మరిది భూపాలపల్లి నుంచి తెచ్చిన బొగ్గు పొడి.
మడ్‌గార్డుల మీద ఎనుమాముల మార్కెట్లో
బస్తాల కింద ఊడ్చుకొచ్చిన దుమ్ము
(వాసన చూస్తే ఇప్పటికీ తుమ్ము).
టరెట్ మీద నాలుగు గుండు దెబ్బలు,
కాల్చిన సూదితో, ముచ్చటగా.

రంగు సరిచూడమని డాక్టరు పైకి పంపితే
ఆయాసపడుతూ వచ్చాడు దఫేదార్ మొగిలయ్య, పరకాల దిక్కు మనిషి.
కిటికీలో ఆరుతున్నదాన్ని చూసి
తెరిచిన బోసినోరు మూయలేదు.
"టీ-యాభై అయిదు. దీన్ని పదకొండేండ్లు తోలిన."

వేలు కూడా ఆనించలేదు.
ఎద్దును కొనేటోడి లెక్క చుట్టూ తిరిగాడు.
"గీ ఎర్రమట్టి యాడిది బిడ్డా?
సూరత్‌గఢ్‌ల మట్టి పిండి లెక్కుంటది.
ఆడ తుప్పు గూడ పట్టది. ఇసుక కొట్టి కొట్టి
ఇనుము అద్దమైతది."

మరి గుండు దెబ్బలు?

"ఎవడు కొట్టిండు?
నా కాలంల లడాయి రాలే.
వస్తదని రోజు కడిగినం, గ్రీజు పెట్టినం. గంతే."

సూదిని డ్రాయరులో దాచాను, దొంగలా.
దేనికి అరిగింది మరి, అని అడిగాను.

"డ్రైవరు మూత అంచుకు, నా మోకాలు తాకి.
ఎనక ఇంజను మీద, చలికాలం
ఎచ్చగుంటదని నలుగురం పండేటోళ్లం.
ఇగో, ఎడమ దిక్కు, ఈ కొక్కానికి
జోసెఫ్ గిలాస తగిలిచ్చేటోడు.
బండి కదిల్తె అది ఊగుడే.
ఊగి ఊగి రంగు గీసుకపోయింది, నెలవంక లెక్క.
ఆఫీసరు వస్తుండంటె రంగేసుడు,
వారం తిరగకముందే మళ్ల గీసుడు."

మెట్లు దిగుతూ ఆగి అన్నాడు:
"పండ్లా? తెల్లగనే పెట్టు బిడ్డా.
గవ్వన్న కొత్తగుండనీ."

ఆ రాత్రి గుండు దెబ్బలు పుట్టీతో పూడ్చాను.
ఎర్రమట్టి కడిగాను. గొలుసు సందుల్లో కొంచెం పోలేదు,
ఉండనిచ్చాను.
మోకాలి చోట పెన్సిలు పొడి వేలితో రుద్దాను.
నలుగురి వీపులు ఎంత మేర పడతాయో కొలిచి
అంత మేరే నిగనిగ.
రాగితీగ వంచి కొక్కెం.
దగ్గు మందు సీసా రేకుతో మినపగింజంత గ్లాసు.
తగిలించి, గోటితో ఊపాను.
ఎక్కడ తాకిందో అక్కడ,
మూడు వెంట్రుకల కుంచెతో, ఊపిరి బిగబట్టి
ఒకటే గీత.

కొత్త పళ్లతో వచ్చాడు మొన్న,
ఒక్క మచ్చ లేదు, ట్యూబులైటు లెక్క వెలుగు.
కళ్లద్దాలు నుదుటికి నెట్టి
ట్యాంకు పక్కన ముఖం పెట్టి
చాలాసేపు చూశాడు.

"జర కిందికి" అన్నాడు.
"జోసెఫ్ పొట్టోడు."