పన్నెండు మంది వరస

యార్డు రెండో గేటు దాటగానే కొత్తవాళ్ళు తుమ్ముతారు.
నేనూ తుమ్మాను,
లెక్కల డిగ్రీ పట్టా సంచిలో పెట్టుకుని
కమిషన్ కొట్లో గుమస్తాగా చేరిన పొద్దున.
"అలవాటైపోద్దిలే అమ్మాయ్," అంది కోటిరత్నం
తేజా కాయ తొడిమ తుంచుతూ, తలెత్తకుండా.

గుంటూర్లో అందరికీ తెలిసిన గీతలు రెండు.
ఒకటి కూలి: కిలోకింత, కిలో మీద కిలో,
స్కేలు పెట్టి గీసినంత తిన్నగా.
రెండోది ఏటుకూరు రోడ్డు ఫైనాన్సు వాడి చక్రవడ్డీ:
మొదట్లో నేలబారుగా పాకి
ఓ రాత్రి పడగెత్తి నిలబడేది.
మొదటి గీత మీద నడుస్తూ
రెండోదాన్ని అందుకోబోయినవాళ్ళ వేలిముద్రలు
మా కొట్టు బీరువాలో ఉన్నాయి.

వాటి మధ్య, వాటి అవతల
ఇంకా ఎన్ని నడకలో.

ఘాటు సంగతే చూడు.
పది టిక్కీలకు ఒక దగ్గు. వందకు రెండు.
వెయ్యికి మూడు.
పదింతలైతే గాని ఒక్క మెట్టెక్కదు
ఈ బద్ధకపు లాగరిథమ్.
లక్ష టిక్కీలు దిగిన రోజున హమాలీ ఏసోబు
ఆ ఎర్రటి గుట్ట మీదే
తువ్వాలు మడిచి తలకింద పెట్టుకుని నిద్రపోయాడు.

పేర్చడం అలా కాదు.
అడుగున పది, పైన తొమ్మిది, ఆపైన ఎనిమిది,
కొసకి వెళ్ళేసరికి యాభై ఐదు.
"అడుగు ఇరవై వెయ్యండ్రా, రెట్టింపేగా" అన్నాడు షావుకారు.
రెండు వందల పది.
నాకు కాగితం కావాల్సొచ్చింది.
ఏసోబు నడుముకి అక్కర్లేదు.

మధ్యాహ్నం రేకుల కింద పన్నెండు మంది ఆడవాళ్ళు
తొడిమలు తీయడానికి వరసగా కూర్చుంటారు.
ఎన్ని రకాలుగా కూర్చోవచ్చో
చిట్టా వెనకట్ట మీద గుణించాను,
పన్నెండు నుంచి ఒకటి దాకా దిగుతూ:
నలభై ఏడు కోట్ల తొంభై లక్షల పదహారు వందలు.
రోజుకో వరస చొప్పున పదమూడు లక్షల ఏళ్ళు.
మనుషులు చేరేకొద్దీ
చక్రవడ్డీ కూడా దీని వెనక రొప్పుతూ రావాల్సిందే.
ఆ పూట నాకు చద్దన్నం రుచిగా ఉంది.

"ఎన్ని కోట్లైనా నా పక్కన మీరాబీయే"
అని నవ్వింది కోటిరత్నం.
ఆ ఒక్క మాటతో ఆరో వంతే మిగిలింది.
అదీ ఎనిమిది కోట్లకు కాస్తే తక్కువ.

మార్చిలో మీరాబీ పెద్దాసుపత్రిలో చేరింది.
ముక్కు లాగరిథమ్ నేర్చుకుంది గానీ
ఊపిరితిత్తులు కూలి లెక్కే రాసుకున్నాయి,
ఏ కిలోకాకిలో,
దేన్నీ మాఫీ చేయకుండా.

ఒకరు తగ్గితే ఒకటి తగ్గుతుందనుకుంటాం.
పన్నెండో వంతు మిగిలింది.
నలభై ఏడు కోట్లు
నాలుగు కోట్ల లోపుకు కుప్పకూలాయి,
ఒక్క మంచం ఖాళీ లేని వార్డులో
ఒక మనిషి దగ్గుతుంటే.

మర్నాడు చూద్దును కదా,
కోటిరత్నం తన పక్కన గోనెపట్టా పరిచింది.
ఎవరినీ కూర్చోనివ్వదు.
తను తుంచిన కాయల్లో గుప్పెడు గుప్పెడు
దాని ముందుకి తోస్తోంది.
ఖాళీకి కూడా ఒక చోటు కావాలి గనక
వరసలో మళ్ళీ పన్నెండే.

సాయంత్రం ఆ కుప్ప విడిగా తూకం వేయించాను.
మూడుంపావు కిలోలు.
కూలి పుస్తకంలో
మీరాబీ గడి దగ్గర కలం పెట్టానో లేదో
చాన్నాళ్ళకి
తుమ్మొచ్చింది నాకు.