తొడుగు

రోళ్లపాడులో ఇరవైమూడో నాడు
మిషను లోపల గుడ్డు
ఎవురో గోరుతో గీకినట్ల సప్పుడు చేసె.

మాట్లాడొద్దు మద్దిలేటీ, అనె డాక్టరు సారు.
దగ్గు గూడా మింగితి.
కుడిచేతికి బట్టమేకపిట్ట మెడ తొడుక్కుంటి:
ఇంటామె పాత దుప్పటి,
కండ్లకు రెండు నల్ల గుండీలు.
ఆ ముక్కుతో మిడత అందిస్తే మింగి
నా మణికట్టుకు తల ఆనిచ్చి కునుకు తీసె.
నా మొగం అది ఎరగదు.

కొర్ర కోతలప్పుడు గేటు తీస్తిమి.
తొడుగు ఇప్పి
ఉత్త మనిషిగా ఎదురు నిలబడితి.
నన్ను జూసి అదిరిపడె.
బోదగడ్డిలో ఒకటే ఉరుకుడు,
ఆపైన ఎగిరె.

పాసయింది, అనె సారు.
అవున్సార్, అంటి.
ఐదు నెలల్లో ఆ కంచె లోపల
నా మొదటి మాట.