చెమ్మ

యాభై ఏళ్ళు నిండిన వారానికి
పోస్టులో వచ్చింది కవరు.
లోపల అగ్గిపుల్లంత పుల్ల, వేలెడంత సీసా.
గడియారం వెనక దాచాను మూడు వారాలు.
ఊరందరి మరుగుదొడ్లూ బాగుచేసినవాణ్ణి,
నా దగ్గరికొచ్చేసరికి సిగ్గు.
ఓస్లా ఒక పొద్దున దాన్ని నా టీకప్పు పక్కన పెట్టి
ఏమీ అనకుండా గొర్రెల దగ్గరికి వెళ్ళింది.

లెర్విక్ ఆస్పత్రిలో గొట్టం పంపి చూశారు.
తెరమీద నా లోపలంతా గులాబి రంగు
(ఇంత శుభ్రమైన పైపు నా సర్వీసులో చూడలేదు),
మలుపులో ఒక పుట్టగొడుగు.
అక్కడికక్కడే ఉచ్చు వేసి కోసేశారు.
అయిపోయిందనుకున్నాను.

అవలేదు.
పుట్టగొడుగు కాడలో క్యాన్సర్ ఉందట,
చిన్నది, తొలిదశ,
కానీ కోసిన అంచుకు వెంట్రుకవాసి దూరంలో.
అబర్డీన్ నుంచి డాక్టర్ అర్కర్ట్ ఫోనులో
బియ్యంలో రాళ్ళేరినట్టు మాటలేరి చెప్పింది:
"మీలాంటివాళ్ళు వందమందిలో
తొంభైమందికి ఇక ఏమీ ఉండదు.
పదిమందికి గ్రంథుల్లోకి పాకి ఉంటుంది.
మీరెందులో ఉన్నారో కోస్తేగానీ తెలీదు."
మీరైతే ఏం చేస్తారన్నాను.
"పేగు నాది కాదు కదా, ఇస్బిస్టర్ గారూ."

ఆ రాత్రి వందమందిని లెక్కపెట్టాను.
చర్చి, పబ్బు, రెండు పడవల సిబ్బంది కలిపినా
డెబ్భై దాటలేదు.
మిగతా ముప్ఫైకి చచ్చిపోయినవాళ్ళని కలిపాను.

నా పనిలోనూ ఇదే ప్రశ్న.
గోడమీద చెమ్మ మచ్చ. పగలగొట్టాలా, చూద్దామా?
మాన్సన్ ముసలమ్మ ఇంట్లో పగలగొట్టాను.
లోపల ఎండుగడ్డిలా పొడి.
పదకొండేళ్ళయినా ఆవిడ నన్ను పలకరించదు.
బళ్ళో మాత్రం చూద్దామన్నాను.
సీలింగు కూలింది. ఆదివారం గనక పిల్లలు లేరు.
ఆ ఆదివారం ఇప్పటికీ కలలోకొస్తుంది.

ఫోను చేసి, "పగలగొట్టండి" అన్నాను.
అటువైపు కాసేపు మౌనం.
ఆమెకు నా వృత్తి తెలీదు.

రాత్రి పడవ. పన్నెండు గంటల ఉత్తర సముద్రం.
మత్తు దిగేసరికి జానెడు పేగు పోయింది.
పొట్టమీద నాలుగు చిల్లులు, ఒక గాటు.
దగ్గితే లోకమంతా ఆ కుట్లమీదే వేలాడింది.

ఇక అందరూ ఒక్కదానికోసం ఎదురుచూశారు.
నర్సు బియాత్రిజ్ రోజూ తలుపులోంచే:
"వచ్చిందా?"
రాలేదు.
గోడకు చెవానించి నేను వినేటట్టే
పొట్టమీద స్టెతస్కోపు ఆనించి విన్నారు.
మెయిను కట్టేసిన ఇంట్లో నిశ్శబ్దం.
సూపు వాసనకే వాంతి.
నాలుగోనాడు తెల్లవారుజామున
ఎక్కడో ఏదో గొణిగింది,
గొణిగి, దొర్లి, మలుపు తిరిగి,
వార్డంతా వినపడేలా బయటికొచ్చింది.
ఎదురు మంచం పెద్దాయన
దుప్పట్లోంచి చేతులు తీసి చప్పట్లు కొట్టాడు.
నా పెళ్ళికి కూడా ఎవరూ కొట్టలేదు.
దిండు పొట్టకదుముకుని నవ్వాను, నొప్పికి ఏడుస్తూ.

ఇంటికొచ్చిన మూడోవారం ఉత్తరం.
పంతొమ్మిది గ్రంథులు తీసి చూశారట.
ఒక్కదాంట్లోనూ లేదు.
కోసిన పేగులోనూ ఏమీ మిగల్లేదు.
పొడి.

ఓస్లా నా భుజమ్మీద తల పెట్టి ఏడ్చింది.
సంతోషించాలని నాకూ తెలుసు.
కిటికీలోంచి మాన్సన్ ముసలమ్మ పొగగొట్టం చూస్తూ,
నా జానెడు పేగు ఏ చెత్తలో కాలిందోనని కూర్చున్నాను.
కోయించుకోకపోతే
ఈ ఉత్తరం వచ్చేదే కాదని
సాయంత్రానికి గానీ తట్టలేదు.

ఇప్పుడు రోజుకి ఆరుసార్లు, ఒక్కోనాడు తొమ్మిది.
ఏ దుకాణానికి వెనకగది ఉందో నాకు కంఠతా,
అన్నీ నేను బిగించినవే.
నిండు బకెట్టు ఎత్తకూడదు.
వంటింటి కుళాయి కారుతోంది.
నా రెంచి పట్టుకుని ఓస్లా తిప్పుతోంది.
తప్పువైపు, అనబోయి ఊరుకున్నాను.
చుక్క ఆగింది.
ఎలా ఆగిందో నాకు తెలీదు.