కుడిచెంప

ముషీరాబాద్ డిపో ఎదురు సందులో నా స్టూడియో.
రెండు గొడుగు లైట్లు, ఒకటే స్టూలు,
తల దువ్వుకోడానికి ఓ మసక అద్దం.

నిన్న పెంటయ్య వచ్చాడు.
ముప్పైమూడేళ్లు సిటీ బస్సు తోలి
మొన్న నెలాఖరుకి దిగినవాడు.
ఇక మీద ఎక్కేవాడు కనక
పాసుకి ఫోటోలు కావాలి, ఎనిమిది కాపీలు.

తెర మీద ముఖం విచ్చుకున్నాక
ఎందుకో అరచేత్తో సగం మూశాను.
ఎడమ సగానికి యాభై దాటలేదు.
చెయ్యి అటు జరిపాను.
కుడి సగానికి డెబ్బై అయిదు.

ఒక తల్లి కన్నదే,
ఒకే జొన్నరొట్టె నమిలినదే.
మధ్యలో ఈ పాతికేళ్లు ఎక్కడివి?

"కిటికీ" అన్నాడు, అదేం పెద్ద సంగతన్నట్టు.
"పొద్దుగాల సికింద్రాబాద్ దిక్కు పోతుంటే తూర్పు ఎండ.
మాపటీలి అఫ్జల్‌గంజ్ దిగుతుంటే పడమటి ఎండ.
రెండూ గీ చెంపకే.
ఎడమ దిక్కు ఇంజను, ప్యాసింజర్ల లొల్లి.
లొల్లికి ముడుతలు రావు గద మేడం."

రాత్రి మేనకోడలు హిమజకి ఫోన్ చేశాను.
గాంధీలో చర్మం చదువుతోంది.
"నవారు మంచం అనుకో అత్తా" అంది.
"పైన దుప్పటి చర్మం, కింద అల్లిన పట్టీలు కొలాజెన్.
పాతిక దాటినప్పట్నించీ
ఒళ్లు ఏటా ఓ పోగు తక్కువ నేస్తుంది.
సాగి వెనక్కొచ్చే దారం ఇంకోటుంది,
లంగాలో ఎలాస్టిక్కులాగే
ఉతికీ ఉతికీ వదులైపోతుంది.
బుగ్గల్లో దూది కూడా
పలచబడి కిందికి జారుతుంది.
దుప్పటి మాత్రం అప్పటి కొలతే.
మిగిలిన గుడ్డ ఎటు పోతుంది?
మడత పడుతుంది."

మరి ఎండ?
"ఎండ ఎలుక.
దుప్పటి నల్లబడటం నీకు కనిపిస్తుంది,
కింద పట్టీలు కొరకడం కనిపించదు.
అద్దం బిగించినా దూరుతుంది."
ఇంకా ఏదో చెప్పబోయి
వార్డు నుంచి పిలుపొచ్చి పెట్టేసింది.
కాసేపాగి మెసేజ్ పంపింది:
కండ ఏ మడత పదే పదే పెడితే
చర్మం ఆ మడతే బట్టీ పడుతుంది.

నెలకి రెండొందల ముఖాలు ఇస్తిరి చేసే చెయ్యి నాది.
మౌసుతో నాలుగుసార్లు రుద్దాను,
కుడి చెంప ఎడమ చెంపకి కవల అయింది.

ఇవాళ చూసి పెంటయ్య నవ్వాడు.
"గీయన మా తమ్ముడు కిష్టయ్య.
బట్టల దుకాన్ల నీడకు కూసున్నోడు.
గీ ఫోటో చూస్తే కండక్టరు నన్ను దింపేస్తడు."

మళ్లీ పెట్టాను ఒక్కొక్క గీతా.
ముక్కు పక్కది,
కంటి కొస నుంచి చెవి దాకా విచ్చుకున్నవి,
ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర కళ్లు చిట్లించి
సంపాదించినవన్నీ.

ప్రింటు వచ్చేలోగా ఇరానీ చాయ్ తెప్పించాను.
ఆయన ఊదితే
కప్పు మీద మీగడ వణికి
సన్నగా ముడుచుకుంది.
వేలితో తీసి పక్కన పెట్టి తాగాడు.

తాగుతూ తాగుతూ నన్ను చూశాడు.
"నీకు గూడ ఒక్క దిక్కే ఉన్నయి మేడం."

మసక అద్దం తుడిచాను.
ఎడమ కంటి కొసన అయిదు గీతలు.
కుడి కంటికి ఒకటి, అదీ అనుమానంగా.
నవ్వుగీతలనుకున్నాను ఇన్నాళ్లూ.
ఒక పక్కే ఎవరు నవ్వుతారు?

ఇరవయ్యారేళ్లు.
కుడి కన్ను కెమెరా కంతకి ఆనించి
ఎడమ కన్ను బిగించి మూసి
రెడీ, అన్న ప్రతిసారీ.
ఊళ్లోవాళ్లందర్నీ ఒక కన్ను చూస్తుంటే
చూడని కన్ను ముసలిదైంది.

పెంటయ్య లెక్కపెట్టి నూటిరవై ఇచ్చాడు,
ఫోటోలు జేబులో వేసుకుని రోడ్డు దాటాడు.
సికింద్రాబాద్ బస్సు ఆగింది.
అలవాటుగా ముందు తలుపు దాకా నడిచి,
ఆగి, వెనక్కొచ్చి ఎక్కాడు.

ఎడమ వరస, కిటికీ పక్క.
నాలుగింటి ఎండ నేరుగా పడుతోంది.
రెక్క దించలేదు.